అక్రిలిక్ షీటులో రంధ్రాన్ని తరంగాలకు కనబడకుండా చేయడం ఎలా

ఘన పదార్థంలో నడిచే కంపనాల నుంచి ఒక వస్తువును దాచే ‘ముసుగు’ డిజైన్ చేయడం మంచి ప్రాజెక్టు. తిరుపతిలో బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నా, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా దీన్ని చేయవచ్చు. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఒక అక్రిలిక్ షీటు, సైన్‌బోర్డులు చేసే షాపులోని సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు షీటును చెక్కే యంత్రం), చిన్న సెన్సర్, కంప్యూటర్ చాలు. అయితే పరిశోధన పత్రాల్లో కనిపించే వరుసలో వెళ్లొద్దు. అవి పరిపూర్ణమైన గణితంతో మొదలై, అందుకు తగిన పదార్థం కోసం చివర్లో వెతుక్కుంటాయి. మీరు ముందు చేతిలో ఎంత మందం, ఎంత గట్టిదనం ఉన్నాయో చూసుకోండి. వాటితో ఎంత దాచగలరో ఆ తర్వాత లెక్క వేయండి.

ముందు ఏ తరంగమో తేల్చుకోండి

2006లో జాన్ పెండ్రీ, డేవిడ్ షూరిగ్, డేవిడ్ స్మిత్ అనే శాస్త్రవేత్తలు కాంతి విషయంలో ఒక దారి చూపించారు. గణితంలో ఒక బిందువును ఉబ్బించి వృత్తంగా మార్చాలి. ఆ మార్పు వల్ల సమీకరణంలో వచ్చే తేడాలను పదార్థపు గుణాలుగా అనుకోవాలి. అలాంటి పదార్థాన్ని చుట్టూ పెడితే తరంగం వృత్తాన్ని చుట్టుకుని వెళ్లి, అవతల ఏమీ తగలనట్టే కలుస్తుంది. దర్శనం క్యూ ఒక స్తంభం దగ్గర రెండుగా చీలి, దాటాక ఎవరి వరుసలో వాళ్లు మళ్లీ నిలబడ్డారనుకోండి. స్తంభాన్ని ఆనుకుని చుట్టూ తిరిగినవాళ్లు మిగతావాళ్లకంటే వేగంగా నడిచి ఉండాలి. ముసుగులోనూ లోపలి అంచు దగ్గర, అంచు వెంబడి వెళ్లే తరంగం వేగంగా పోవాలి.

ఘన పదార్థాల్లో ఈ దారి నేరుగా పనిచేయదు. గ్రేమ్ మిల్టన్, మార్క్ బ్రియాన్, జాన్ విల్లిస్ అదే 2006లో దీన్ని చూపించారు. ఇలా మార్చినప్పుడు సాధారణ స్థితిస్థాపక సమీకరణాల రూపమే మారిపోతుంది, మామూలు పదార్థాల్లో లేని గుణాలు కావాల్సి వస్తాయి. పైగా ఘన పదార్థంలో నొక్కుడు తరంగం, కోత తరంగం అని రెండు రకాలు ఉంటాయి. ప్రతి సరిహద్దు దగ్గరా ఒకటి ఇంకోదానిగా మారుతుంది. మొదటి ప్రాజెక్టుకు అంత బరువు ఎత్తుకోవద్దు.

అందుకే పలుచటి ప్లేటులో పైకీ కిందికీ ఊగే వంపు తరంగాలను తీసుకోండి. వీటికి ముసుగు ఎలా వేయాలో 2009లో మహమ్మద్ ఫర్హత్, సెబాస్టియన్ గెనో, స్టెఫాన్ ఎనొక్ లెక్క కట్టారు. 2012లో జర్మనీలోని కార్ల్స్‌రూయేలో నికొలాస్ స్టెంగర్, మన్‌ఫ్రెడ్ విల్‌హెల్మ్, మార్టిన్ వెగెనర్ దాన్ని చేసి చూపించారు. 1 మి.మీ. మందం ప్లేటులో ఒకదాని చుట్టూ ఒకటిగా 20 రింగులు పెట్టారు. పీవీసీని, పీడీఎంఎస్ అనే మెత్తటి సిలికోన్ రబ్బరును వేర్వేరు పాళ్లలో కలిపి 16 రకాల మిశ్రమ నిర్మాణాలు తయారుచేశారు. 200 నుంచి 400 హెర్ట్జ్ వరకు ముసుగు బాగా పనిచేసింది. ఒక గట్టి పదార్థం, ఒక మెత్తటి పదార్థం రింగుల్లో ఒకదాని తర్వాత ఒకటి వస్తే ప్లేటు రెండు దిక్కుల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తుందన్నదే ఇందులో కీలకం.

మీరు అదే పనిని ఒక్క పదార్థంతో, మందం మార్చి చేయవచ్చు. ప్లేటు వంపు గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం మూడు రెట్లయితే గట్టిదనం 27 రెట్లు. సిలికోన్ పోయడం, అది సరిగా అతుక్కోకపోవడం, బుడగలు రావడం లాంటి తలనొప్పులు ఉండవు.

షీటును కొలవండి, తర్వాతే కొలతలు గీయండి

2 మి.మీ. అక్రిలిక్ షీటు 120 సెం.మీ. పొడవు, 90 సెం.మీ. వెడల్పు ముక్కలు నాలుగు తీసుకోండి. నాలుగూ ఒకే షీటు నుంచి కోయిస్తే ఇంకా మంచిది. 2 మి.మీ. అని అమ్మేది 1.8 ఉండొచ్చు, కాబట్టి స్క్రూగేజితో నాలుగైదు చోట్ల కొలవండి.

పుస్తకాల్లోని యంగ్స్ మాడ్యులస్‌ను (పదార్థం ఎంత గట్టిదో చెప్పే అంకెను) నమ్మి ముందుకు వెళ్లొద్దు. సుమారు 3.2 గిగాపాస్కల్ అనుకుంటే 200 హెర్ట్జ్ దగ్గర వంపు తరంగం పొడవు 18 సెం.మీ. వస్తుంది. ఖాళీ షీటును కంపింపజేసి, అసలు పొడవెంతో చూడండి. ఆ ఒక్క కొలతతో గట్టిదనం, బరువుల నిష్పత్తి తెలిసిపోతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఫ్రీక్వెన్సీ నాలుగు రెట్లయితే వంపు తరంగం పొడవు సగమే అవుతుంది. గాలిలో శబ్దం లెక్క వేరు, దాని పొడవు నాలుగో వంతుకు పడిపోతుంది. శబ్దానికి అలవాటైన చేత్తో ఇక్కడ లెక్క వేస్తే రింగుల కొలతలన్నీ తప్పుతాయి.

మన ప్రయోగానికి 230 హెర్ట్జ్ పెట్టుకుందాం. పొడవు 16 నుంచి 17 సెం.మీ. ఉంటుంది. 200, 250 లాంటి 50 గుణిజాల జోలికి వెళ్లొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని హమ్ సెన్సర్‌లోకి చేరి కొలతను పాడుచేస్తుంది.

ఎంత దాచగలరో ఇప్పుడు లెక్క వేయండి

దాచాల్సిన గుండ్రటి రంధ్రం వ్యాసార్ధం 6 సెం.మీ. ముసుగు బయటి వ్యాసార్ధం 12 సెం.మీ. అనుకుందాం. బిందువును 6 సెం.మీ. వరకు ఉబ్బించాలంటే లోపలి అంచు దగ్గర గట్టిదనాల నిష్పత్తి అనంతం కావాలి. 6.6 సెం.మీ. దగ్గరే అంచు వెంబడి గట్టిదనం, అడ్డంగా (అంటే కేంద్రం నుంచి బయటికి వెళ్లే దిక్కులో) ఉన్న గట్టిదనానికి 14,641 రెట్లు ఉండాలి. ఏ షాపులోనూ అది దొరకదు.

కాబట్టి బిందువుకు బదులు ఒక చిన్న రంధ్రాన్ని ఉబ్బించండి. 3.6 సెం.మీ. రంధ్రాన్ని 6 సెం.మీ.కు సాగదీస్తే, ముసుగు వేసిన 6 సెం.మీ. రంధ్రం తరంగానికి 3.6 సెం.మీ. రంధ్రంలా కనబడాలి. పూర్తిగా మాయం కాదు, చిన్నదవుతుంది. దీనికి లోపలి అంచు దగ్గర కావాల్సిన నిష్పత్తి 30 మాత్రమే. అది అక్రిలిక్‌తో సాధ్యం. 2.4 సెం.మీ.కు తగ్గించాలని ఆశపడితే నిష్పత్తి 256కు చేరుతుంది, రింగులు గోడల్లా పైకి లేస్తాయి, పలుచటి ప్లేటు సిద్ధాంతమే వర్తించదు. మొదటిసారికి 3.6 దగ్గర ఆగండి.

లెక్క ఇలా సాగుతుంది. ముసుగులో ఒక చోటు ఎంచుకోండి. కేంద్రం నుంచి దాని దూరంలోంచి 6 తీసేసి 1.4తో గుణించి 3.6 కలపండి. అది ఆ చోటికి సాగదీయక ముందున్న దూరం. ఆ పాత దూరాన్ని కొత్త దూరంతో భాగిస్తే, అంచు వెంబడి తరంగ సంఖ్య (తరంగం పొడవు ఎంత తగ్గితే ఇది అంత పెరుగుతుంది) మామూలు ప్లేటుతో పోలిస్తే ఎంత ఉండాలో వస్తుంది. అడ్డంగా మాత్రం అంతటా 1.4. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర తరంగ సంఖ్య నాలుగో ఘాతం, బరువును గట్టిదనంతో భాగించినదాన్ని బట్టే మారుతుంది కాబట్టి, రెండు దిక్కుల్లో గట్టిదనం ఎంత కావాలో తెలిసిపోతుంది.

ఇక మందపు రింగు, పలుచటి రింగు సమానమైన వెడల్పుతో వరుసగా వస్తే, అంచు వెంబడి గట్టిదనం ఆ రెండింటి మామూలు సగటు. అడ్డంగా వెళ్లేటప్పుడు తరంగం రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి దాటాలి. అక్కడ హరాత్మక సగటు వస్తుంది, అంటే పలుచటి రింగుదే పైచేయి. ఈ రెండు సగటులు, సగటు బరువు కలిపి సాధిస్తే రెండు మందాలూ బయటికొస్తాయి.

1 సెం.మీ.కు ఒక జత చొప్పున ఆరు జతలు పెట్టండి, ప్రతి రింగూ 5 మి.మీ. వెడల్పు. ముసుగు లోపల అడ్డంగా వెళ్లే తరంగం పొడవు సుమారు 12 సెం.మీ., కాబట్టి 1 సెం.మీ. జతలను అది విడివిడిగా గుర్తించలేదు. పై పద్ధతిలో లోపలి నుంచి బయటికి మందపు రింగులు 5.0, 3.9, 3.2, 2.85, 2.6, 2.4 మి.మీ. వస్తాయి. వాటి పక్కనుండే పలుచటివి 1.2, 1.1, 1.05, తర్వాత మూడూ దాదాపు 1 మి.మీ. పలుచటివన్నీ ఇంచుమించు ఒకే మందం కావడం మన అదృష్టం, రూటర్ పని చాలా తేలికవుతుంది.

కోయించే ముందు కంప్యూటర్‌లో చూడండి

ఈ దశను దాటేయొద్దు, ఎందుకంటే పై లెక్క వేగాలను మాత్రమే కుదురుస్తుంది. వేగం కుదిరినా సరిహద్దు దగ్గర కొంత ప్రతిఫలనం మిగులుతుంది. వంపు తరంగాల సమీకరణం నాలుగో పరిమాణానిది (ఫోర్త్ ఆర్డర్) కాబట్టి, సాగదీసినప్పుడు కొన్ని అదనపు పదాలు పుట్టుకొస్తాయి. వాటిని కచ్చితంగా తీర్చాలంటే ప్లేటులో ముందే బిగువు, తలంలో బలాలు ఉండాలని 2014లో డేనియల్ కోల్‌క్విట్, అతని సహచరులు చూపించారు. మనం అది చేయలేం. కానీ రింగుల మందాన్ని అటూఇటూ సవరించి నష్టాన్ని తగ్గించవచ్చు.

పైథాన్‌లో సైపై (SciPy) అనే గణిత లైబ్రరీ ఉంటే చాలు. ప్రతి రింగునూ మామూలు ఏకరీతి ప్లేటుగా తీసుకోండి. అందులో పరిష్కారం నాలుగు బెస్సెల్ ఫంక్షన్ల కలయిక. రెండు ఊగేవి, రెండు పెరిగి తరిగేవి. ప్రతి సరిహద్దు దగ్గర నాలుగు షరతులు: స్థానభ్రంశం, వాలు, వంపు మొమెంట్, కోత బలం రెండు వైపులా సమానం. రంధ్రం అంచు దగ్గర చివరి రెండూ సున్నా. ఒక్కో కోణీయ పదానికి ఒక చిన్న మాత్రిక, అలాంటివి పదో పదిహేనో. ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో వచ్చేస్తుంది. అప్పుడు మందాలను మార్చి, చెదిరిన శక్తి ఎప్పుడు తక్కువవుతుందో వెతికించండి. షాపులో దొరికే మందాలనే వాడాలన్న షరతు కూడా అందులోనే పెట్టండి.

ఆ తర్వాత ఒక్కసారి త్రీడీ ఫైనైట్ ఎలిమెంట్ లెక్క చేయండి. అందుకు పనికొచ్చే ఫెనిక్స్ (FEniCS) సాఫ్ట్‌వేర్ ఉచితమే. 5 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. ఎత్తు ఉన్న లోపలి రింగు పలుచటి ప్లేటు అనిపించుకోదు, అక్కడ తేడా తప్పకుండా కనిపిస్తుంది.

ఇంకో ముఖ్య విషయం. దాచాల్సిన వస్తువును ప్లేటుకు బిగించొద్దు, రంధ్రం అంచును స్వేచ్ఛగా వదలండి. ప్లేటులో ఒక్క బిందువును కదలకుండా పట్టుకున్నా వంపు తరంగం గట్టిగా చెదురుతుంది. బిగించిన రంధ్రాన్ని ఎంత చిన్నదిగా చూపించినా ఆ చెదరడం పోదు. వస్తువును రంధ్రం మధ్యలో, కింద వేరే స్టాండు మీద నిలబెట్టండి.

తయారీ

పలుచటి రింగులంటే షీటులో చెక్కే గాడులే. షాపుకు వెళ్లేటప్పుడు డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్) ఫైలుతో పాటు గాడి లోతులు రాసిన కాగితం కూడా తీసుకెళ్లండి. లేజర్‌తో గాడులు చేయిస్తామంటే ఒప్పుకోవద్దు. లేజర్ చెక్కిన లోతు ఒకేలా రాదు, వేడికి షీటు వంగుతుంది. గాడులు రూటర్‌తోనే చేయించండి. అతికించే మందపు రింగులు కోయడానికి మాత్రం లేజర్ బాగుంటుంది.

గాడులు రెండు వైపులా సమానంగా రావాలి. పైన అర మి.మీ., కింద అర మి.మీ. తీస్తే మధ్యలో 1 మి.మీ. మిగులుతుంది. ఒకే వైపు 1 మి.మీ. తీస్తే మందం అంతే ఉన్నా ప్లేటు మధ్యతలం పక్కకు జరుగుతుంది. వంపు తరంగం తలంలోని తరంగాలతో కలిసిపోతుంది, మీ లెక్క మొత్తం వృథా. షీటును తిప్పినప్పుడు కేంద్రం తప్పకుండా రెండు పిన్ను రంధ్రాలు ముందే పెట్టించండి.

మందపు రింగులకూ అదే నియమం. 5 మి.మీ. కోసం పైన 1.5, కింద 1.5 మి.మీ. రింగు అతికించాలి. 3.9కి 1 మి.మీ. చొప్పున రెండు వేస్తే 4 వస్తుంది, పర్లేదు. 3.2, 2.85 రెండింటికీ అర మి.మీ. షీటుతో 3 చేయండి. బయటి రెండు రింగులను 2 మి.మీ.గానే వదిలేస్తే ఎంత నష్టమో ప్రోగ్రాంలో చూడండి. తక్కువైతే అలాగే ఉంచండి.

అతికించడానికి షాపువాళ్లు క్లోరోఫామ్ వాడతారు. అతుకు బాగా వస్తుంది, కానీ ఆ ఆవిరి మంచిది కాదు. కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, చేతులకు గ్లౌజులతో చేయాలి. మూసిన హాస్టల్ గదిలో అస్సలు వద్దు. చుక్క గాడిలోకి జారితే ఆ చోట అక్రిలిక్ కరుగుతుంది, సిరంజితో కొద్దికొద్దిగా వేయండి. అతుకులో గాలి మిగిలితే రింగు ప్లేటుతో కలిసి వంగదు, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే బుడగ తెలిసిపోతుంది.

నాలుగు ప్లేట్లు, ఒకే కొలత

ఒకటి ఖాళీ ప్లేటు. రెండోది 6 సెం.మీ. వ్యాసార్ధం రంధ్రం మాత్రమే ఉన్నది. మూడోది అదే రంధ్రం, ముసుగుతో. నాలుగోది 3.6 సెం.మీ. రంధ్రం మాత్రమే ఉన్నది. ఈ నాలుగో ప్లేటును చాలామంది మరిచిపోతారు, కానీ అసలు తీర్పు చెప్పేది అదే. మూడోది నాలుగోదానిలా ప్రవర్తిస్తే మీ డిజైన్ పనిచేసినట్టు. ఖాళీ ప్లేటుతో మాత్రమే పోలిస్తే, మంచి డిజైన్ కూడా విఫలమైనట్టు కనిపిస్తుంది.

షీటు ఒక అంచుకు సన్నటి అల్యూమినియం యాంగిల్ అతికించి, దాన్ని స్పీకర్ ఎక్సైటర్‌తో (కోన్ లేకుండా, అతికించిన వస్తువునే ఊపే స్పీకర్ మోటారుతో) ఊపండి. తరంగం సరళరేఖగా బయలుదేరుతుంది. మిగతా మూడు అంచుల మీద 15 సెం.మీ. వెడల్పున మోడలింగ్ క్లే పరవండి, లోపలి వైపు పలుచగా మొదలై అంచుకు వచ్చేసరికి మందం కావాలి. లేకపోతే అంచుల నుంచి తిరిగొచ్చే తరంగాలే మీరు కొలుస్తారు. సెన్సర్‌గా ఏడీఎక్స్ఎల్ 335 అనే త్వరణం కొలిచే చిప్ చాలు, దాని జెడ్ దిశ 550 హెర్ట్జ్ వరకు పనికొస్తుంది. సన్నటి తీగలు వాడండి, బరువు పెరగకూడదు. స్టీరియో సౌండ్ కార్డులో ఒక చానల్‌కు సెన్సర్, రెండో చానల్‌కు ఎక్సైటర్‌కు పంపే సిగ్నల్ ఇస్తే ఫేజు (తరంగం ఏ దశలో ఉందన్నది) కూడా దొరుకుతుంది. ఫేజు లేకుండా చేసిన కొలతకు ఇక్కడ విలువ లేదు.

2 సెం.మీ.కు ఒక బిందువు చొప్పున గళ్లు గీసి కొలవండి. రంధ్రం వెనక మాత్రమే కాదు, ముందు, పక్కల కూడా. వెనక నీడ తగ్గి, ముందు ప్రతిఫలనం పెరిగితే మీరు చేసింది ముసుగు కాదు, అద్దం. ప్రతి బిందువు దగ్గర ఖాళీ ప్లేటు విలువను ఫేజుతో సహా తీసివేసి, వర్గాలు కూడి, ఖాళీ ప్లేటు వర్గాల మొత్తంతో భాగించండి. ఆ ఒక్క సంఖ్యను 150 నుంచి 400 హెర్ట్జ్ వరకు గీయండి.

తిరుపతి ఎండల గురించి కూడా ఆలోచించాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే చోట, అక్రిలిక్ గట్టిదనం ఉదయానికీ మధ్యాహ్నానికీ ఒకేలా ఉండదు. నాలుగు ప్లేట్లనూ ఒకే గదిలో, ఒకే పూట కొలవండి, ఉష్ణోగ్రత పక్కన రాసుకోండి. ఏర్పేడు వైపున్న ఐఐటీలోనో, ఐసర్‌లోనో, ఎస్వీయూలోనో లేజర్ వైబ్రోమీటర్ వాడుకునే వీలుంటే అడిగి చూడండి. ప్లేటును తాకకుండా కొలవడం ఎప్పుడూ మేలు.

నేలకు ముసుగు వేయాలంటే

ఈ ప్రాజెక్టు చూపించగానే అందరూ అడిగేది భూకంపం గురించే. గుళ్లను, ఆనకట్టలను ఇలా దాచవచ్చా అని. కొలతలు చూస్తే జవాబు తెలుస్తుంది. మెత్తటి నేలలో ఉపరితల తరంగం సెకనుకు 200 మీటర్లు పోతుందనుకుంటే, 5 హెర్ట్జ్ దగ్గర దాని పొడవు 40 మీటర్లు. గట్టి రాతిలో అది వందల మీటర్లకు చేరుతుంది. ముసుగు కూడా ఆ స్థాయిలోనే ఉండాలి.

50 హెర్ట్జ్ చుట్టుపక్కల కంపనాల సంగతి వేరు. అదే నేలలో పొడవు 4 మీటర్లే. 2012లో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర స్టెఫాన్ బ్రూలే బృందం 320 మి.మీ. వ్యాసం, 5 మీటర్ల లోతు బోర్లు 1.73 మీటర్ల ఎడంతో తవ్వి, 50 హెర్ట్జ్ తరంగాన్ని వెనక్కి మళ్లించింది. అది ముసుగు కాదు, అడ్డుకట్ట. మళ్లించిన శక్తి ఇంకెక్కడికో పోతుంది, పక్కింటివాళ్లకు తగలొచ్చు. అయినా రేణిగుంట లాంటి రైల్వే జంక్షన్ పక్కన ఇంటికో, ల్యాబ్‌కో పట్టాల కంపనం తగ్గించాలంటే ఆలోచించాల్సిన దారి ఇదే. అక్కడ మొదటి పని బోరు తవ్వడం కాదు. రెండు జియోఫోన్లను (నేల కంపనాన్ని కొలిచే సెన్సర్లను) ఒకదానికొకటి కొన్ని మీటర్ల దూరంలో పెట్టి, రైలు వెళ్లేటప్పుడు వాటి మధ్య ఫేజు తేడా నుంచి ఆ నేలలో తరంగం వేగం ఎంతో కొలవండి. రైలు తీరును బట్టి ఏ ఫ్రీక్వెన్సీ బలంగా ఉందో కూడా అదే రికార్డింగులో దొరుకుతుంది. బోర్ల మధ్య ఎడం ఎంత ఉండాలో ఆ రెండు అంకెలను బట్టి నిర్ణయించండి.